కొలవని మూడు

తెల్ల కాగితం మీద పదకొండు రెసిస్టర్లు. వడ్లగింజ కన్నా కాస్త లావు, రెండు పక్కలా సన్నటి తీగ కాళ్ళు, ఒంటి చుట్టూ రంగు గీతలు. ఆ గీతలు చదివితే ఏది ఎన్ని ఓములో తెలిసిపోతుందని పుస్తకంలో ఉంది, గోడ మీద పటంలో ఉంది. ఈ గదిలో పరీక్షకి కూర్చున్న పన్నెండు మందిలో పదకొండు మందికి కళ్ళలోనే ఉంది. గంగాభవాని కంటికి మాత్రం అవన్నీ తాటాకు రంగులు. ఒకటి ఎండిన తాటాకు, ఒకటి లేత తాటాకు, ఒకటి వానకు తడిసిన తాటాకు. పసుపు తెలుస్తుంది, నీలం తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నారింజ మాత్రం ఒక్క తల్లి పిల్లల్లా వరసగా నిలబడి మమ్మల్ని పోల్చుకో అంటాయి. పోల్చుకోను, అనుకుంది. పోల్చుకోవలసిన పని నాకు లేదు. మీటరు గుండీని ఓముల వైపు తిప్పింది.

గోడ గడియారంలో పదకొండు దాటి మూడు నిమిషాలు. పన్నెండింటికి అయిపోవాలి. అమలాపురంలోని ఈ ఐటీఐలో రెండేళ్ళ చదువు ఈ గంట దగ్గరికి వచ్చి ఆగింది. కాయిల్, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు నిన్ననే బోర్డు మీద అతికేశారు. ఇవాళ ఈ పదకొండూ వాటి చోట్లలో పెట్టి, బ్యాటరీలు వేసి, రేడియోని పలికించి చూపించాలి. ముప్పై మూడేళ్ళు తనకి. పక్కవాళ్ళంతా ఇరవై ఏళ్ళ వాళ్ళు. కాట్రేనికోన నుంచి రోజూ బస్సులో వచ్చి, ఇంటి బరువు మోస్తూనే చదివింది ఈ రెండేళ్ళూ. సొంత మీటరు సంచీలో తలుపు దగ్గర ఉండిపోయింది, లోపలికి తేకూడదన్నారు. పన్నెండు మందికి ఆరు మీటర్లు, ఇద్దరికొకటి. తనకి జత రాజోలు నుంచి వచ్చే సలోమి. ముందు నువ్వు కొలుచుకో అక్కా, నేను చూసి అతికేసుకుంటాలే, అని మీటరు తనవైపు తోసింది సలోమి. కాకినాడ నుంచి వచ్చిన ఎగ్జామినరు రాజేంద్ర గారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీల పక్కన నడుస్తున్నారు. ఆయనకు తన కళ్ళ సంగతి తెలియదు. బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న బంగారరాజు మాస్టారికి తెలుసు. మాస్టారు పొద్దున్న గేటు దగ్గర ఆపి మరీ చెప్పారు, ఆయన అడక్కుండా నువ్వు చెప్పకమ్మా, కొలుస్తుంటే అనుమానం తీర్చుకుంటున్నావనుకుంటారు, అంతటితో పోతుంది, అని.

రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించింది. సున్నా పాయింట్ మూడు. మీటరు బాగానే ఉంది. మొదటి రెసిస్టరు కాళ్ళకి మొనలు తాకించింది. ఎడమ పక్కన ఒంటరిగా ఒకటి అంకె. అంటే ఈ గీటుకి పట్టదు, ఇంకా పెద్దది. గుండీ ఒక మెట్టు పైకి తిప్పింది. నలభై ఆరు పాయింట్ ఎనిమిది. నలభై ఏడు వేలది. బూడిదరంగు తెర మీద నల్లటి అంకె. ఎంత శుభ్రంగా ఉంటుందో అంకె. ఎనిమిదేళ్ళ కిందట కళ్ళ క్యాంపులో డాక్టరమ్మ చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె కనపడుతోందమ్మా అని అడిగితే చుక్కలు తప్ప ఏమీ కనపడలేదు. పేజీ తిప్పింది. చుక్కలే. మళ్ళీ తిప్పింది. వెనక వరసలో నిలబడ్డ ఆరేళ్ళ పిల్ల డెబ్భై నాలుగు అని అరిచింది. ఆ పిల్లకి కనపడిన డెబ్భై నాలుగు తనకెందుకు కనపడలేదో అర్థం కాక, పాతికేళ్ళ మనిషి అక్కడ కుర్చీలో సిగ్గుతో బిగుసుకుపోయింది. అప్పటికి పెళ్ళై ఆరేళ్ళు. అత్తగారు అప్పాయమ్మ గారు పెరట్లో పండు మిరపకాయలు కోసుకురమ్మంటే సగం పచ్చివి తెచ్చేది. ఒళ్ళొంచదు మహాతల్లి, చెట్టుకేసి చూడనైనా చూడదు, అనేది ఆవిడ. చూసేది. చెట్టు మొత్తం చూసేది. ఆకుల్లో కాయ ఉందని తెలిసేది, పండిందో లేదో కాయ చెప్పేది కాదు. తర్వాత్తర్వాత వేలితో నొక్కి తెలుసుకోవడం నేర్చుకుంది. పండింది మెత్తగా ఉంటుంది, తొడిమ తేలిగ్గా ఊడి వస్తుంది. అది కూడా కొలవడమే కదా. రెండోది, రెండు వేల రెండు వందలు. మూడోది, నాలుగు వందల డెబ్భై. కొలిచినదాన్ని కొలిచినట్టు బోర్డులో దాని బెజ్జాల్లోకి దింపి, కాళ్ళు వంచి, వేడెక్కిన ఐరన్ మొన ఆనించి టంకం పెట్టింది. సన్నగా పొగ లేచింది.

ఇక్కడ చేరకముందు పని చేసిన రొయ్యల షెడ్డులో కూడా ఇలాగే వరసగా బల్లలు. మంచులో చేతులు పెట్టి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తలలు తీయడం. సాయంత్రానికి వేళ్ళు తనవి కానట్టు ఉండేవి. ఇంటికొచ్చి కూర వండితే రొయ్య ఉడికిందో లేదో అందరూ రంగు చూసి చెప్తారు, తను వంకర చూసి చెప్తుంది. ఒకరోజు షెడ్డులో తూకం మిషను ఆగిపోయింది. కొత్తపేట నుంచి మెకానిక్ వచ్చి మూత తీశాడు. లోపల రంగురంగుల తీగలు. అవి చూడగానే తనకి భయం వేసింది, ఎందుకో తెలియదు, తనకి సంబంధం లేని మిషను కదా. కానీ ఆ మనిషి తీగల రంగులకేసి చూడలేదు. జేబులోంచి పసుప్పచ్చ మీటరు తీసి, ఒక మొన ఇక్కడ, ఒక మొన అక్కడ పెట్టి, అంకె చూసి, ఇదిగో ఇదీ పోయింది అన్నాడు. ఒలుస్తున్న రొయ్య చేతిలోనే ఉండిపోయింది. అంకె చూస్తే చాలా? రంగు అక్కర్లేదా? ఆ పూట షెడ్డంతా తూకం వచ్చిందని సంతోషించింది. తను మాత్రం ఇంటికి వెళ్ళేదాకా ఆ పసుప్పచ్చ డబ్బా గురించే ఆలోచించింది. మస్కట్‌లో ఉన్న మొగుడు అయ్యప్పకి ఫోనులో చెప్తే నవ్వలేదు, ఐటీఐలో ముప్పై దాటినవాళ్ళని చేర్చుకుంటారో లేదో కనుక్కుంటానన్నాడు. చేర్చుకున్నారు. ఆరోది లక్ష. ఏడోది. ఎనిమిదోది.

పదకొండూ ముప్పై. ఇంకా మూడు ఉన్నాయి. అప్పుడు సలోమి చెయ్యి చాపింది. సలోమి బోర్డు పూర్తయిపోయింది, బ్యాటరీలు కూడా వేసేసింది, రేడియో మాత్రం ఉలకడం లేదు పలకడం లేదు. మొహం పాలిపోయింది పిల్లకి. అక్కా ఒక్కసారి మీటరియ్యవా, వోల్టేజి చూసుకుంటాను, అని గొణిగింది. న్యాయంగా మీటరు ఇద్దరిది. అరగంటగా తన దగ్గరే ఉంది. ఇచ్చింది. చేతులు ఖాళీ అయిపోయాయి. కాగితం మీద మూడు తాటాకు గింజలు. గడియారం ముల్లు నడుస్తూనే ఉంది. సలోమి మీటరు మొనలు బోర్డు మీద ఆనిస్తూనే గంగాభవాని కాగితం వైపు ఓరగా చూసింది, జాలిపడింది, పెదవులు కదపకుండా చెప్పింది. ఎడం పక్కది పదివేలదక్కా, మధ్యది వెయ్యిది, ఆ చివరిది వందది. తను అడగలేదు. అయినా విన్నది. విన్నాక విననట్టు ఉండటం ఎలా? సలోమివి మంచి కళ్ళు. రెండేళ్ళుగా తన చీరకి రవిక కుదిరిందో లేదో చూసి చెప్పిన కళ్ళు, బస్సు మీద ఎర్ర బోర్డో పచ్చ బోర్డో చెప్పిన కళ్ళు. టైము పోతోంది. ఎడం పక్కది పదివేల చోట్లో పెట్టింది. మధ్యది వెయ్యి చోట్లో. చివరిది వంద చోట్లో. మూడింటికీ టంకం పెట్టేసింది.

బ్యాటరీలు వేసి మీట నొక్కింది. ఏమీ లేదు. గరగర కూడా లేదు. చెవి స్పీకరుకి ఆనించింది. ఫ్యాను చప్పుడు, ఎవరిదో బల్ల మీద ఐరన్ స్టాండు చప్పుడు, కిటికీ బయట కొబ్బరి మట్టలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. పదకొండూ నలభై మూడు. అవతలి వరసలో ఎవరిదో రేడియో పలికింది, ఒక్కసారి అందరూ తలెత్తి మళ్ళీ వంచుకున్నారు. ఫెయిలైతే మళ్ళీ ఆరు నెలలు. మళ్ళీ షెడ్డు. కాదు. ఆగు. ఫెయిలయ్యాక సంగతి తర్వాత, ముందు ఇది పలకాలి. అన్నీ ఊడదీసి చూసే టైము లేదు. అన్నీ చూడక్కర్లేదు కూడా. ఎనిమిది కొలిచాను. వాటి మీద నాకు అనుమానం లేదు, అంకెలు నా కళ్ళ ముందే ఉన్నాయి. మూడు కొలవలేదు. తప్పు ఉంటే ఆ మూడింట్లో ఉండాలి. మెదడులో ఏదో గుండీ మెట్టు మెట్టుగా దిగి సరైన గీటు దగ్గర ఆగినట్టయింది.

ఎందుకో నాన్న గుర్తొచ్చాడు. ఆ క్యాంపులో డాక్టరమ్మ చెప్పింది, ఆడపిల్లకి ఇది రావడం అరుదమ్మా, మీ నాన్నగారికి లేకుండా నీకు రాదు, అని. ఆ సాయంత్రమే రేవుకి వెళ్ళింది. నాన్న సింహాద్రి వల సరిచేసుకుంటున్నాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎదురొచ్చే మరబోట్లకి ఎడమన ఎర్ర దీపం, కుడిన ఆకుపచ్చ దీపం ఉంటాయని తనకి చిన్నప్పుడు నేర్పింది ఆయనే. నాన్నా, ఆ పోయే బోటు దీపం ఏ రంగు, అని అడిగింది. నాన్న వలలో ఇంకో ముడి వేశాడు. మునిమాపు వేళ చుక్కాని ఎప్పుడూ బాబాయి చేతికి ఇచ్చేవాడని, అలుపొచ్చిందని వంక పెట్టేవాడని అప్పుడు గుర్తొచ్చింది తనకి. చివరికి, ముప్పై ఏళ్ళ నుంచి ఎవరికీ చెప్పలేదమ్మా, చెప్తే పడవెక్కించుకోరు, అన్నాడు తల ఎత్తకుండా. నలభై మంది మనుషుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు, వల ముడులకేసి చూస్తూ, దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు. ఆ గొంతు తనకి నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు.

సలోమీ, మీటరియ్యి, అంది. గొంతు తను అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. సలోమి ఇచ్చేసింది, దాని వల్ల ఆ పిల్లకి ఏమీ తేలలేదు పాపం. గంగాభవాని ముందు బ్యాటరీలు తీసేసింది, బోర్డులో కరెంటు ఉండగా ఓములు కొలవకూడదు. మొనలు పదివేల దాని మీద పెట్టింది. తొమ్మిది వందల చిల్లర. కానీ బోర్డులో ఉండగా చూపించే అంకెని నమ్మడానికి లేదు, చుట్టూ ఉన్న దారుల్లోంచి కూడా పోతుంది కరెంటు, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ఒక కాలు లేపాలి. ఐరన్ మొనతో టంకం కరిగించి, చిమటాతో ఒక కాలు మెల్లగా పైకి లాగింది. మళ్ళీ కొలిచింది. తొమ్మిది వందల ఎనభై ఆరు. ఇది వెయ్యిది. పదివేల చోట్లో వెయ్యిది కూర్చుంది. అయితే పదివేలది ఎక్కడుందో అడగక్కర్లేదు. సలోమి మంచి కళ్ళకి ట్యూబులైటు కింద నారింజ గీత ఎర్రగా, ఎర్ర గీత నారింజగా కనపడ్డాయి. తనకి నవ్వు రాలేదు, కోపం రాలేదు. ఆ పిల్ల బోర్డులో కూడా ఇదే తప్పు ఉండి ఉంటుందని మాత్రం అనిపించింది.

"ఏమ్మా, గీతలు చూస్తే తెలిసిపోయేదానికి కాలు లేపేవెందుకు?"

రాజేంద్ర గారు. ఎప్పుడు వచ్చి నిలబడ్డారో. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. అనుమానం తీర్చుకుందామనండి. ఆ జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది, మాస్టారు ఇచ్చిన జవాబు, అబద్ధం కూడా కాదు. అది చెప్తే ఆయన తలూపి పక్క బల్లకి వెళ్ళిపోతారు. తనూ పలికించేస్తుంది, పాసైపోతుంది, ఇంటికెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎవరి షాపులోనో, ఎవరి చెరువు గట్టునో కాలు లేపిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెనక నుంచి ఇదే అడుగుతారు. ప్రతిసారీ వల ముడులకేసి చూస్తూ ఏదో ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్ళు. ఆ మాట చెప్పను. ఐరన్ స్టాండులో పెట్టి లేచి నిలబడింది.

"గీతల రంగులు నాకు తెలవ్వండి. ఎరుపూ పచ్చా ఒకేలా కనపడతాయండి. పుట్టుకతోనండి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. మరి మిగతావి ఎలా అతికావని అడిగారు. ఎనిమిదీ కొలిచి అతికానని, ఈ మూడూ కొలవకుండా అతికానని, పదివేల చోట్లో వెయ్యిది పడిందని, కాలు లేపి కొలిస్తే బయటపడిందని చెప్పింది. ఎవరు చెప్తే అతికావని ఆయన అడగలేదు. ఆయన చూపు ఒకసారి సలోమి బల్ల మీదికి వెళ్ళి తిరిగి వచ్చింది. సలోమి తల వంచుకుని ఉంది. ముందు ఇది సరిచెయ్యి, అన్నారాయన. ఆయన చూస్తుండగానే రెండోదాన్ని కూడా ఊడదీసి కొలిచింది, తొమ్మిది వేల తొమ్మిది వందలు. రెండింటినీ చోట్లు మార్చింది. మూడోదాన్నీ వదల్లేదు, కాలు లేపి కొలిచి, వందే అని తేల్చుకుని మళ్ళీ అతికింది. బ్యాటరీలు వేసింది. గరగర మొదలైంది. కాయిల్‌ని కిటికీ వైపు తిప్పి, స్టేషను పట్టే గుండీ మెల్లగా తిప్పింది. గరగరలోంచి ఎవరో ఆడమనిషి గొంతు, కొబ్బరి ఆకుల మీద తెల్లదోమ ఎలా చేరుతుందో, ఆకు అడుగున ఎలా వెతకాలో రైతులకి చెబుతోంది. ఎంత మామూలుగా చెబుతోందో.

మీటరు పక్క బల్లకి జరిపింది. రాజేంద్ర గారు ఒక్క నిమిషం అని దాన్ని మళ్ళీ ఇటు తీసుకున్నారు. మిగిలిపోయిన సామాన్ల డబ్బాలోంచి గుప్పెడు రెసిస్టర్లు తీసి అయిదింటిని గంగాభవాని ముందు పరిచారు. చెప్పు, అన్నారు. వరసగా కొలిచి చెప్పింది. ఆయన గీతలకేసి చూసి ఒక్కోదానికి తలూపుతున్నారు. అయిదోదానికి తను కాళ్ళు వేళ్ళతో పట్టుకోకుండా కాగితం మీదే ఉంచి మొనలు మాత్రం తాకించింది. అదెందుకలా అని అడిగారు.

"పెద్దదండి ఇది, పది లక్షలది. రెండు వైపులా వేళ్ళతో పట్టుకుంటే మన ఒంట్లోంచి కూడా కరెంటు పోద్దండి. తక్కువ చూపిస్తాదండి."

ఆయన మీటరు తీసి స్వయంగా సలోమి ముందు పెట్టి వచ్చారు. తర్వాత కుర్చీ లాక్కుని తన బల్లకి ఎదురుగా కూర్చుని మార్కుల కాగితం తెరిచారు. గొంతు తగ్గించి మాట్లాడారు. రైల్వేలో, ఓడల్లో మెడికల్ దగ్గర ఆపేస్తారు, తెలుసా? తెలుసండి, అంది. మరి ఏం చేద్దామని? కాట్రేనికోనలో రొయ్యల చెరువులకి గాలి కొట్టే మోటార్ల ప్యానళ్ళు పాడైనా, పడవల మీద వైర్‌లెస్ సెట్లు పాడైనా అమలాపురం మోసుకురావలసి వస్తోందని, తను అక్కడే బల్ల వేసుకుంటానని చెప్పింది. ఆయన పెన్ను మూత తీశారు. రాయలేదు. ఈ చివరి గడిలో ఎగ్జామినరు ఏమన్నా రాయొచ్చు. నీ సంగతి రాస్తే రేపు ఎవరన్నా ఉద్యోగం ఇవ్వడానికి వెనకాడొచ్చు. రాయకపోతే అడిగేవాడు లేడు. నీ ఇష్టం, అన్నారు. దయగల మనిషి. మాస్టారూ దయగల మనిషే. అందరూ దయతో దాచిపెడదామంటారు. దాచిపెట్టినదాన్ని మోసేది మాత్రం తనే.

"రాయండి," అంది.

ఆయన రాశారు. తను అటు నుంచి తలకిందులుగానే చదివింది, కాగితం మీద అక్షరాలకి రంగుతో పని లేదు. రంగులు గుర్తించలేదు, అని ఉంది. చదివి, ఇంకోసారి చదివింది. ఆయనతో ఎలా చెప్పాలి? పెద్దాయన, ఎగ్జామినరు, ఇంకా మార్కులు వెయ్యలేదు. అయినా తప్పు తప్పే కదా.

"సార్, అది చదివినోళ్ళు ఇవాళ గుర్తుపట్టలేదనుకుంటారండి. ఎప్పటికీ గుర్తుపట్టనండి. కొలుస్తానండి. కొలుస్తుందని కూడా రాయండి."

రాజేంద్ర గారు కాగితం వైపు, తన వైపు చూశారు. మొహంలో ఏమీ తెలియలేదు. తర్వాత ఆ మాట అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టి, కింద నిదానంగా రాశారు. రంగులను చూసి గుర్తించజాలదు. ప్రతి భాగాన్నీ కొలిచి అమరుస్తుంది. తన తప్పు తానే కొలిచి పట్టుకుంది. రేడియో పలికింది. రాసి, కాగితం తన వైపు తిప్పి, చదువుకుని సంతకం పెట్టు, అన్నారు. చదువుకుంది. అక్షరం అక్షరం చదువుకుంది. మార్కులు నూటికి అరవై ఎనిమిది, మొదటిసారి పలకనందుకూ మూడు చోట్ల టంకం రెండోసారి పెట్టినందుకూ కోసేశారు. న్యాయమే. కె. గంగాభవాని, అని పూర్తిగా, తొందర లేకుండా రాసింది.

గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలుంది. బల్ల మీద తన రేడియోలో ఆ ఆడమనిషి ఇంకా మాట్లాడుతూనే ఉంది, ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టమంటోంది. పక్క బల్ల మీద సలోమి చిమటా కింద పెట్టింది, బ్యాటరీలు వేసింది, మీట నొక్కింది. ఒక్క క్షణం గరగర. తర్వాత అదే గొంతు, అదే మాట మధ్యలోంచి, రెండో రేడియోలో కూడా మొదలైంది.